మైక్‌సెట్ అన్న కుడిచెయ్యి

తొంభైల చివర్లో నేను మద్రాసులో ఒక ఆసుపత్రి న్యూరో వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. మాది ఆత్మకూరు. సెలవు దొరికినప్పుడల్లా నెల్లూరు మీదుగా ఇంటికి వచ్చి వెళ్లేదాన్ని. వార్డులో తెలుగు తెలిసిన నర్సులు ఇంకొందరు ఉన్నా, నెల్లూరు జిల్లా నుంచి పేషెంట్ ఎవరొచ్చినా నన్నే పిలిచేవాళ్లు. మా సర్జన్ తమిళాయన. ఆయన తెలుగు "నొప్పి ఉందా" దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేది. అందుకని ఆపరేషన్‌కు ముందు ఇంటివాళ్లతో కూర్చుని విడమరిచి చెప్పడం, స్కానింగ్‌కు వెంట వెళ్లడం, థియేటర్‌లో పేషెంట్ పక్కన ఉండడం, ఇంటికి వెళ్లాక ఎలా ఉన్నారో కనుక్కోవడం నా పనిగా మారింది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒకరిని పెడుతున్నారు. అప్పట్లో దానికి పేరు లేదు. "ఆ నెల్లూరు అమ్మాయిని పిలవండి" అనేవాళ్లు, అంతే.

ఆ రోజుల్లోనే మా దగ్గరికి ఒక కొత్త ఆపరేషన్ వచ్చింది. మెదడు లోపలికి సన్నటి తీగ పంపి, దాన్ని చర్మం కిందుగా మెడ మీదనుంచి తెచ్చి, ఛాతీ పైభాగాన కంటె ఎముక కింద అమర్చిన బ్యాటరీ పెట్టెకు కలుపుతారు. ఆ పెట్టె నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు చేతి వణుకుని ఆపుతుంది. విదేశాల్లో పనిచేసే ఒక డాక్టరు మా సర్జన్‌కు స్నేహితుడు. ఆయన వస్తూ కొన్ని సెట్లు తెచ్చి ఇచ్చి వెళ్లారు. వాటిని ఎవరికి అమర్చాలన్నది సర్జన్ చాలా జాగ్రత్తగా ఆలోచించేవారు. ఒకసారి పెట్టాక మనిషిని చాలా ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి.

ఉదయగిరి మైక్‌సెట్ అన్నను నేను మొదట చూసింది ఓపీ బెంచీ మీద. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే ఆయన భార్య, ఒళ్లో సంచీ. ఏ ఊరని అడిగాను. ఉదయగిరి అన్నారు. మాది ఆత్మకూరని చెప్పగానే ఆవిడ సంచీ కింద పెట్టేసింది.

"పొద్దున్నుంచీ ఎవురేం చెప్తుండారో ఒక్క ముక్క అర్థం కాలా. నువ్వు కాస్త మా కూడానే ఉండమ్మా" అంది.

ఆయనది పెళ్లిళ్లకు, చర్చి కూటాలకు, చావులకు మైకులు అద్దెకిచ్చే వ్యాపారం. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ముప్పైల్లో ఉండగా రాసేటప్పుడు కుడిచెయ్యి వణకడం మొదలైందట. తర్వాత ఎడమచేతికీ పాకింది. ఊరికే ఉన్నప్పుడు చేతులు మామూలుగానే ఉంటాయి. ఏదన్నా చేయబోతే చాలు, వణుకు. నెల్లూరులో చూపించుకున్నాడు, మాత్రలు మింగాడు, కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చింది.

"మా నాయనకీ ఉన్నింది ఇది. ముసలితనం అనుకున్న్యాం. నాకు నడీడులోనే వచ్చింది" అన్నాడు.

ఆయన్ని అన్నిటికంటే బాధపెట్టింది వేరే. చెయ్యి వణకడం చూసి తాగుతాడని ఊళ్లో కొందరు అనుకునేవాళ్లు. ఆయన మందు ముట్టిన మనిషి కాదు, చర్చి సంఘంలో పెద్ద. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఈ రకం వణుకు కాస్త మందు పుచ్చుకుంటే కాసేపు తగ్గుతుందని డాక్టర్లే చెబుతారు. నెల్లూరులో ఎవరో ఆ మాట ఆయనతోనూ అన్నారట. "ఉన్న పేరు చాలదనా" అని లేచి వచ్చేశాడట.

సర్జన్ పరీక్షలన్నీ చేయించి, ఈ ఆపరేషన్ ఆయనకు సరిపోతుందన్నారు. ముందు కుడిచేతికి, అంటే మెదడు ఎడమవైపు. సంగతి అంతా వివరంగా చెప్పమని నాకు అప్పగించారు. వార్డు చివర కిటికీ పక్కన ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. తల గొరిగిస్తారు, ఇనుప చట్రం బిగిస్తారు, ఆపరేషన్‌లో ఎక్కువసేపు మెలకువగానే ఉండాలి. మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం తక్కువే గానీ ఉంది. మాట తడబడొచ్చు. బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతే మళ్లీ అక్కడ కోసి మార్చాలి. ఇవన్నీ ఆయన తల ఊపుతూ విన్నాడు. వోల్టు ఎంత, షాకు కొట్టదా, ఉరిమి మెరిసినప్పుడు ఎట్టా అని అడిగాడు. తెలిసినవి చెప్పాను. తెలియనివి సర్జన్‌ను అడిగి వచ్చి చెప్పాను.

ఆఖరున అయస్కాంతం గురించి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆ పెట్టెను ఆపడానికి, మళ్లీ నడపడానికి పేషెంట్ చేతికి ఒక అయస్కాంతం ఇచ్చేవాళ్లు. ఛాతీ మీద ఆ పెట్టె ఉన్న చోట దాన్ని ఒక్క క్షణం ఆనిస్తే పెట్టె ఆగుతుంది, మళ్లీ ఆనిస్తే పనిచేస్తుంది. వేరే ఏ పెద్ద అయస్కాంతం దగ్గరకొచ్చినా అదే జరుగుతుంది.

ఆయన తల ఊపడం ఆపేశాడు.

"స్పీకరు వెనకాల ఉండేది ఏందనుకున్నావమ్మా?" అన్నాడు. "అయస్కాంతమే. ఆ బాక్సులు ఎదకానించుకోకుండా ఎట్టా ఎత్తేది?"

"ఎత్తకూడదన్నా. ఇకమీదట మీరు వాటిని మోయకూడదు. దూరంగా ఉంటే ఫర్వాలేదు."

"చెయ్యి బాగు చేస్తామంటారు. దాంతో చేసే పని మాత్రం వద్దంటారు. ఇదేం వైద్యం?"

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆవిడ ఏదో అనబోయింది గానీ ఆయన అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. సర్జన్‌కు చెబితే, "బలవంతం చేయొద్దు. ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి చూసి రా. ఆయన మనసు మార్చడానికి కాదు, ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడానికి" అన్నారు.

మళ్లీ సెలవుకి వచ్చినప్పుడు ఆత్మకూరులో పొద్దున బస్సెక్కి ఉదయగిరి వెళ్లాను. ఆదివారం. ఆయన కొట్టు బజారుకు కాస్త పక్కగా ఉంది, వాకిట్లో నిలబడితే ఎదురుగా కొండే. లోపల గోడల పొడవునా నల్ల బాక్సులు, దూలానికి వేలాడదీసిన హారన్లు, చుట్టలు చుట్టిన వైర్లు. నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక రేడియో విప్పి ఉంది. సోల్డరింగ్ గన్ ఆయన భార్య చేతిలో ఉంది. ఆయన చేతులు కట్టుకుని ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఆ ఎర్ర వైరు కాదు, దాని పక్కది. ఊ, ఆనించు. చాల్లే, తియ్."

ఆవిడ తీసింది. వేళ్ల మీద అక్కడక్కడా కాలిన మచ్చలున్నాయి. నన్ను చూసి నవ్వింది.

"ఇదమ్మా మా సంసారం. చెప్పేది ఆయన, కాల్చుకునేది నేను."

వాళ్లతో పాటే చర్చికి వెళ్లాను. ఆ రోజు అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఉంది. ఆయన ఎప్పటిలా ఆంప్లిఫయర్ పక్కన చివరి బెంచీలో కూర్చున్నాడు. రొట్టె తీసుకున్నాడు. ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్లెం ఆయన దాకా వచ్చినప్పుడు మాత్రం తల దించుకున్నాడు. పళ్లెం పట్టుకున్న పెద్దాయన ఆగకుండానే ముందుకు సాగిపోయాడు. అంటే అది వాళ్లకు అలవాటే అన్నమాట. బయటికి వచ్చాక ఆవిడ నాతో మెల్లగా చెప్పింది.

"ఒకసారి పక్కనుండే ఆయన చొక్కా మీద పోసినాడు. ఎవురూ ఏమనలా. ఆయనే మానుకున్నాడు. నేను పట్టిస్తానంటే, నేనేమన్నా చంటిబిడ్డనా అంటాడు."

మధ్యాహ్నం అన్నాలు తిన్నాం. ఆయన కంచాన్ని ముఖానికి దగ్గరగా ఎత్తుకుని, మోచేతులు ఒంటికి నొక్కిపెట్టుకుని తిన్నాడు. ఆపరేషన్ మాట నేను ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది. చేతులు కడుక్కుని వచ్చి గడప దగ్గర కూర్చుని, నాతో చెబుతున్నట్టుగా ఆయనకే చెప్పింది.

"బాక్సులు మోసేదానికి కూలోళ్లు దొరుకుతారు. వైర్లు లాగేది నాకు తెలుసు. మైకు పట్టుకుని హలో అనేదానికి నాకు నోరు లేదా? ఈయన చెయ్యి యాడ దొరుకుద్ది, నువ్వు చెప్పు పాపా."

ఆయన లేచి కొట్లోకి వెళ్లి ఒక స్పీకరు తీసుకొచ్చి అరుగు మీద పెట్టాడు. జేబులోంచి గుండుసూది తీసి, దాన్ని ఎంత దూరం నుంచి స్పీకరు లాక్కుంటుందో చూడబోయాడు. చెయ్యి వణికి సూది కింద పడిపోయింది. ఆవిడ తీసి తనే పట్టుకుని చూపించింది. దగ్గరకొస్తే తప్ప సూది కదలలేదు. సూదికీ స్పీకరుకూ మధ్య ఉన్న ఆ దూరాన్నే ఆయన చాలాసేపు చూశాడు.

"బాక్సు బల్లకి ఆ పక్కనుంటే చాలన్నమాట" అన్నాడు.

"చాలన్నా. ఒంటికి తగలనీయకుండా ఉంటే చాలు."

తర్వాత కొన్ని వారాలకు వార్డుకి ఫోన్ వచ్చింది. ఉదయగిరి ఎస్‌టీడీ బూతు నుంచి ఆవిడ. "వస్తాండామమ్మా. ఆయనే పోదాం అన్నాడు" అంది.

ఆపరేషన్ రోజు పొద్దున తల గొరిగించాం. అద్దం ఇమ్మని అడిగి చూసుకున్నాడు.

"మావూరోళ్లు ఏమంటారో తెలుసా? వీడెప్పుడు తిరపతికి పొయ్యొచ్చినాడంటారు. పాస్టరుగారికి ఎవురన్నా చెప్తే ఇంగ చూడు" అని నవ్వాడు.

చట్రం బిగించేటప్పుడు మాత్రం నవ్వలేదు. మత్తు సూదులు ఇచ్చినా నొక్కుడు తెలుస్తుంది. మరలు తిప్పుతున్నంతసేపూ నా వేళ్లు పట్టుకునే ఉన్నాడు. ఆ పట్టులోనూ చెయ్యి అదిరింది. బయట ఆవిడ బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తెరవలేదు. స్ట్రెచర్ కదిలేటప్పుడు, "ఆమె చెప్పినట్టు విను. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యబాక" అంది ఆయనతో.

థియేటర్‌లో ఆకుపచ్చ గుడ్డల అవతల సర్జన్, ఇవతల ఆయన ముఖం. ఆ ముఖం పక్కనే స్టూలు వేసుకుని నేను. పుర్రెకు రంధ్రం చేసే చప్పుడు గురించి ముందే చెప్పి ఉంచాను. అయినా అది మొదలవగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"గోడకి డ్రిల్లు వేస్తుండారు అనుకోన్నా. బోర్డు బిగించేటప్పుడు నువ్వు వెయ్యవా?"

అప్పటిదాకా మీరు అంటున్నదాన్ని, ఆ క్షణంలో నువ్వు అన్నానని తర్వాత గుర్తొచ్చింది. ఆయన పట్టించుకోలేదు.

"నేను వేసేది ఖాళీ గోడకమ్మా" అన్నాడు.

తీగ లోపలికి వెళ్తున్నంతసేపూ సర్జన్ ఒక్కో ప్రశ్న అడుగుతున్నారు, నేను తెలుగులో అడుగుతున్నాను. పెదాలు తిమ్మిరెక్కాయా, వేళ్లలో జివ్వుమంటోందా, కళ్ల ముందు ఏమైనా మెరుస్తోందా. చెయ్యి పైకెత్తి ముక్కు తాకమన్నాను. వేలు ఇటూ అటూ కొట్టుకుంటూ వెళ్లి చెంపకు తగిలింది. మళ్లీ ఎత్తమన్నాను. మూడోసారో నాలుగోసారో ఎత్తినప్పుడు ఆ చెయ్యి గాలిలో అలాగే నిలిచింది.

ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. నేనూ చూశాను. వేళ్లు విడివిడిగా, కదలకుండా ఉన్నాయి. గుడ్డల అవతల నుంచి సర్జన్ ఏమైందని అడిగారు. ఆగిందని చెప్పాను.

"ఇది నా చెయ్యేనా?" అన్నాడు ఆయన.

"నీదే అన్నా. ముక్కు తాకు."

తాకాడు. కళ్ల పక్కలనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే దూదితో తుడిచాను. తల కదల్చడానికి వీల్లేదు కాబట్టి ఆయన తుడుచుకోలేడు.

తర్వాత కరెంటు పెంచి తగ్గించి చూడాలి. ఎక్కువైతే మాట ముద్దగా వస్తుంది. ఆయన చేత ఏదైనా మాట్లాడిస్తూ ఉండమన్నారు సర్జన్. వారాల పేర్లు చెప్పమన్నాను. ఆయన నా మాట వినలేదు.

"హలో, మైక్ టెస్టింగ్. వన్, టూ, త్రీ. హలో" అని మొదలుపెట్టాడు.

థియేటర్‌లో అందరూ నవ్వారు. ఆయన అలా చెబుతూనే ఉన్నాడు, సర్జన్ కొంచెం కొంచెం పెంచుతున్నారు. ఒక చోట "టెస్టింగ్" అన్న మాట చివర జారింది. నాలిక అంగిలికి అతుక్కున్నట్టు వినబడింది. "మాట మారుతోంది సార్" అన్నాను. ఆ రోజు నన్ను అక్కడ కూర్చోబెట్టింది అందుకే. నెల్లూరు యాస ఏదో, నాలిక మందమవడం ఏదో సర్జన్‌కు తెలిసే వీల్లేదు. వెంటనే తగ్గించారు. మాట మళ్లీ తేటపడింది.

ఛాతీ దగ్గర పెట్టె అమర్చేటప్పుడు పూర్తి మత్తు ఇచ్చారు. మత్తు దిగాక ఆవిడను లోపలికి పంపాను. మంచినీళ్లు అడిగాడు. ఆవిడ పట్టించబోతే గ్లాసు తన కుడిచేతిలోకి తీసుకుని తాగాడు. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకుంటూ, "ఇంగ రేడియోలన్నీ నువ్వే చేసుకో" అంది, ముఖం నా వైపు తిప్పుకుని.

ఇంటికి పంపేటప్పుడు అయస్కాంతం ఎలా వాడాలో ఇద్దరికీ నేర్పాను. పడుకునేటప్పుడు ఆపుకుంటే బ్యాటరీ ఎక్కువకాలం వస్తుందని చెప్పాను. కుట్లు చూపించుకోవడానికి ఆత్మకూరులో ఎవరి దగ్గరికి వెళ్లాలో, జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పాను. మద్రాసు దాకా ఊరికే పరిగెత్తుకు రావద్దు, ముందు ఫోన్ చేయమన్నాను.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగబోతుండగా ఫోన్. ఆవిడ గొంతు సన్నగా వినబడుతోంది.

"పాపా, మళ్లా వచ్చేసినాది. చెయ్యి ఎప్పుడూలేనట్టు కొట్టుకుంటుండాది. తీగ తెగిపోయిందంటుండాడు. ఒకటే దిగులు. మధ్యాన్నం నుంచీ అన్నం తినలా."

దెబ్బ తగిలిందా, కింద పడ్డాడా, జ్వరం ఉందా అని అడిగాను. ఏమీ లేదంది. పొద్దున్నుంచి ఏం చేశాడని అడిగాను. ఆవిడ ఫోన్ పక్కకు పెట్టి అడగడం వినిపించింది. "బాక్సేమన్నా ఎత్తినావా? నిజం చెప్పు."

ఫోన్ ఆయన తీసుకున్నాడు.

"ఒకటేనమ్మా. బండోడు రోడ్డు మీద దించేసి పోతుంటే లోపల పెట్టినాను. చిన్నదే."

"ఛాతీకి ఆనించుకున్నావా?"

"ఆనించుకోకుండా ఎట్టా ఎత్తేది" అన్నాడు. మొదటి రోజు అన్న మాటే మళ్లీ అన్నానని ఆయనకే తట్టినట్టుంది, ఆగిపోయాడు.

"ఏమీ తెగలేదన్నా. పెట్టె ఆగిపోయింది, అంతే. అయస్కాంతం దగ్గరుందా?"

జేబులోనే ఉందట. పెట్టె ఉన్న చోట దాన్ని ఒక్క క్షణం ఆనించి తీయమన్నాను. బూతులో ఫ్యాను చప్పుడు, బయట బస్సు హారన్ వినబడుతున్నాయి. ఆయన ఊపిరి కూడా.

"వణుకు ఆగినాది" అన్నాడు.

ఆవిడ ఫోన్ లాక్కుంది. "ఇంగ చూడు పాపా. రేపట్నుంచీ ఈయన గడప దాటి బాక్సు జోలికొస్తే నేను చెప్తా ఈయన సంగతి." ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటుంది.

అలా ఆ వ్యాపారంలో సగం ఆవిడ చేతికి వచ్చింది. మరుసటి వేసవిలో మా బంధువుల పెళ్లి ఉదయగిరిలో జరిగితే, మైక్‌సెట్ వాళ్లదే. ఆవిడ చీర కొంగు దోపుకుని కూలీలకు బాక్సులు ఎక్కడ పెట్టాలో చెబుతోంది. "ఇటు తిప్పరా, గోడకేసి పెడితే ఎవురికి వినబడద్ది?" అంటోంది. ఆయన పందిరి మూల ఆంప్లిఫయర్ ముందు, బాక్సులకు దూరంగా కూర్చుని ఉన్నాడు. కుడిచేత్తో బటన్లు తిప్పుతున్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. మర్నాడు ఆదివారం చర్చిలో ద్రాక్షరసం పళ్లెం ఆయన దగ్గర ఆగింది. ఆయన గ్లాసు తీసుకున్నాడు. పళ్లెం పట్టుకున్న పెద్దాయన కదలడానికి కొంచెం ఆలస్యం చేశాడు. ఎవరూ తిరిగి చూడలేదు. చూడకూడదని అందరికీ తెలుసనుకుంటాను.

ఆయనకు ఎడమచెయ్యి వణుకు అలాగే ఉంది. రెండో వైపు కూడా చేయవచ్చని, ఇంకో సెట్టు వచ్చిందని సర్జన్ నాతో చెప్పి అడగమన్నారు. కబురు చేస్తే, ఆత్మకూరులో పని ఉంది, బస్టాండులో కలుస్తానన్నాడు. నేను వెళ్లేసరికి ఆయన నెల్లూరు బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా పెరిగింది. కాస్త ఒళ్లు చేశాడు. సర్జన్ చెప్పిందంతా చెప్పాను. ఈసారి మాట తడబడే అవకాశం కొంచెం ఎక్కువని కూడా చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"వద్దులేమ్మా" అన్నాడు. "డాక్టరుగారికి చెడ్డగా చెప్పబాక. ఆయన మీద నమ్మకం లేక కాదు. ఇంగోసారి ఆ చట్రం బిగించుకునే ధైర్యం నాకు లేదు. రాత్రి పూట ఇప్పటికీ ఆ డ్రిల్లు చప్పుడు వినబడతాది. ఈ చేత్తో జరిగిపోతుండాది. ఆ సెట్టు ఇంకెవురికన్నా పెట్టండి."

"వదినేమంటోంది?"

"నీ ఇష్టమన్నాది. అంతమాట ఆమె నోట రావడం ఇదే మొదటిసారి."

సరేనన్నాను. ఇంకా ఆలోచించుకోమని అనలేదు. ఆలోచించుకునే వచ్చాడని తెలుస్తూనే ఉంది. బస్సొచ్చింది. కుట్ల దగ్గర నొప్పి ఏమైనా ఉందా అని అడిగాను. చలికాలంలో కొంచెం లాగుతుందన్నాడు. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో గుర్తు చేశాను. ఆయన కుడిచేత్తో కడ్డీ పట్టుకుని బస్సెక్కాడు.

మద్రాసు వెళ్లాక సర్జన్‌కు చెప్పాను. ఆయన "భయపడుతున్నాడా?" అని అడిగారు. అవునన్నాను. "చెప్పగలిగాడు, మంచిదే" అని, ఓపీలో చేజర్ల నుంచి ఎవరో పెద్దావిడ వచ్చి ఉందని, వెళ్లి మాట్లాడమని నన్ను పంపారు.